శిరోముండనానికి బీఫారం

2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు వెంకటాయపాలెం శిరోముండనం కేసులో తీర్పు చెప్పింది. మొదటి ముద్దాయి తోట త్రిమూర్తులుకి 18 నెలల జైలు. సరిగ్గా రెండు రోజులకి, ఏప్రిల్ 18న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. నామినేషన్లకి ఆఖరు రోజు 25. తీర్పుకీ గడువుకీ నడుమ తొమ్మిది రోజులున్నాయి. మండపేటలో ఇంకో మనిషి దొరకడానికి వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి ఆ తొమ్మిది రోజులు చాలలేదు. దొరకలేదనడం కూడా తప్పే, వెతకలేదు. బీఫారం ఆయనకే పోయింది.

ఎన్నికలైపోయాయి గదా, ఆయన ఓడిపోయాడు గదా, ఆ పార్టీయే 175లో 11కి పడిపోయింది గదా, ఇప్పుడెందుకీ గొడవ అని కొందరు మిత్రులు అంటున్నారు. ఇప్పుడే మాట్లాడాలి. ఎన్నికల వేడిలో మాట్లాడితే మనల్ని ఎవడో ఒకడి జేబులో మనిషి అని చెప్పి నోరు మూయిస్తారు. ఇప్పుడు ఏ జెండా నీడా లేకుండా లెక్క చూసుకోవచ్చు. పైగా రేపు మళ్లీ టికెట్లు పంచుతారు, మళ్లీ ఇలాంటివాళ్లకే పంచుతారు.

ముందు ఆ ఊరి సంగతి గుర్తు చేసుకోవాలి. కుర్రవాళ్లలో చాలామందికి తెలీదు. వెంకటాయపాలెం అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో రామచంద్రపురం దగ్గరి ఊరు. 1996 డిసెంబర్ 29న అయిదుగురు దళితుల్ని పట్టి కొట్టారు. వాళ్లలో ఇద్దరికి గుండు గీశారు, కనుబొమలు కూడా గీసేశారు. త్రిమూర్తులు అప్పుడు ఆ నియోజకవర్గం ఎమ్మెల్యే.

గుండు అంటే మనకి కొత్తా? తిరుపతి పోతే, అన్నవరం పోతే మొక్కు తీర్చుకుని గుండుతో వస్తాం, ఊరంతా ప్రసాదం పంచుతాం. ఇది అది కాదు. జుట్టు మూడు నెలల్లో వస్తుంది. ఆ మూడు నెలలూ ఆ మనిషి చెరువు గట్టు మీద నడవాలి, టీ బడ్డీ దగ్గర నిలబడాలి, కూలికి పోవాలి. చూసిన ప్రతివాడికీ వాడి తల ఒక నోటీసు కాగితం. మీరెక్కడుండాలో చెప్తున్నాం చదువుకోండి, అని పేటంతటికీ అంటించిన నోటీసు. చంపితే కారంచేడవుతుంది, చుండూరవుతుంది, దేశమంతా వస్తుంది. గుండు గీస్తే ఏమవుతుందిలే అనుకున్నారు.

ఏమయిందో చూడండి. తెలుగుదేశం ప్రభుత్వం మధ్యలో కేసునే ఎత్తివేసింది. దళిత సంఘాలు హైకోర్టు దాకా పోయి తిరగదోడించాయి. ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు. సాక్షులు కొందరు చచ్చిపోయారు. బాధితుల్లో ఒకరు తీర్పు వినకుండానే కన్నుమూశారు. ఇరవై ఏడేళ్లు దాటాక 18 నెలలు వేశారు. ఆ సాయంత్రానికే బెయిలు వచ్చింది. అప్పీలుకి పోయే హక్కు ఆయనకుంది, దాన్ని మేం కాదనం. మేం మాట్లాడుతున్నది కోర్టు సంగతి కాదు, పార్టీల సంగతి.

పార్టీల అని బహువచనం కావాలనే రాశాం. ఈయన్ని ఒక్క జగన్మోహన్ రెడ్డి ఖాతాలో వేసేసి చేతులు కడుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. రికార్డు చూడండి. 1994లో స్వతంత్రుడిగా గెలిచాడు. శిరోముండనం జరిగి మూడేళ్లు తిరక్కుండానే, 1999లో, తెలుగుదేశం టికెట్టు మీద గెలిచాడు. 2009లో సామాజిక న్యాయం అని ఊరూరా చెప్పిన ప్రజారాజ్యం టికెట్టిచ్చింది. 2012 ఉపఎన్నికలో కాంగ్రెస్. 2014లో మళ్లీ తెలుగుదేశం, 2019లోనూ అదే. ఓడాక వైఎస్సార్ కాంగ్రెస్. 2021లో గవర్నర్ కోటాలో శాసనమండలికి పంపారు. గవర్నర్ కోటా అంటే ఏంటి? సాహిత్యం, శాస్త్రం, కళ, సహకారోద్యమం, సమాజసేవ, వీటిలో ప్రత్యేకమైన జ్ఞానమో అనుభవమో ఉన్నవాళ్ల కోసమని రాజ్యాంగం 171వ అధికరణంలో రాసుంది. ఆయన ఏ కోవ కింద వచ్చాడో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఇన్నేళ్లూ వాళ్లకి ఒక మాట దొరికేది: కేసే కదా, రుజువైందా? 2024 ఏప్రిల్ 16తో ఆ మాట అయిపోయింది. అయినా బీఫారం ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలియాలంటే చట్టం చూడాలి. ఇది మన చదువుకున్నవాళ్లు కూడా సరిగ్గా చూడని చోటు, కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 8వ సెక్షన్ ఉంది. శిక్ష పడినవాడు ఎప్పుడు పోటీకి అనర్హుడో అది చెబుతుంది. మూడు మెట్లున్నాయి. మామూలు నేరాలకి రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితేనే అనర్హత. వరకట్న నిషేధ చట్టం, సరుకుల కల్తీ, అక్రమ నిల్వల వంటివాటికి ఆరు నెలలు పడితే చాలు. ఇంకో జాబితా ఉంది, అందులో ఉన్న చట్టాల కింద శిక్ష పడితే కాలంతో పని లేదు. జరిమానా ఒక్కటే పడినా ఆరేళ్లు పోటీకి దూరం. జాతీయ జెండాని అవమానిస్తే అందులోకొస్తుంది. మత్తుమందుల చట్టం, అవినీతి నిరోధక చట్టం, సతీ నిరోధక చట్టం అన్నీ ఉన్నాయి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, అంటే అంటరానితనం పాటించినందుకు శిక్షించే చట్టం, అదీ ఉంది.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం లేదు.

మళ్లీ చదువుకోండి. హోటల్లో దళితుడికి వేరే గ్లాసు పెట్టినవాడికి 1955 చట్టం కింద వంద రూపాయల జరిమానా పడినా ఆరేళ్లు ఎన్నికల్లో నిలబడకూడదు. దళితుడి తలా కనుబొమలూ గీయించిన కేసులో అత్యాచారాల నిరోధక చట్టం కింద 18 నెలలు పడ్డవాడు నిలబడొచ్చు. రెండేళ్లకి ఆరు నెలలు తక్కువయింది, అంతే. 1955 చట్టం చాలడం లేదనే గదా 1989లో గట్టి చట్టం తెచ్చింది! 2015 సవరణలో బలవంతంగా గుండు గీయడం, మీసం తీసేయడం అని నేరాన్ని పేరు పెట్టి మరీ రాశారు గదా! ఆ రాసిన చెయ్యి పక్కనున్న 8వ సెక్షన్ మీదికి ఎందుకు పోలేదు? మరిచిపోయారనడానికి లేదు. 2002లో పోటా వచ్చాక దాన్ని ఆ జాబితాలోకి ఎక్కించారు. అంటే 1989 తర్వాత ఆ జాబితా తెరిచారు. తెరిచి, మనది చేర్చకుండా మూశారు.

సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఇంకో ఆర్డరిచ్చింది. నేరం కేసులున్నవాడికి టికెట్టిస్తే ఎందుకిచ్చారో, కేసుల్లేనివాడు ఎందుకు దొరకలేదో పార్టీ పత్రికల్లో ప్రకటించాలి. గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అన్నది కారణం కింద పనికిరాదని కూడా చెప్పింది. దాంతో పార్టీలు ఆ కాలమ్ నింపడం నేర్చుకున్నాయి. ప్రజాసేవ చేస్తాడు, అందరికీ అందుబాటులో ఉంటాడు, కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి. అన్ని పార్టీలదీ ఒకటే చేతిరాత. లోపల మాట్లాడుకునేది మాత్రం పాత మాటే: గెలుపు గుర్రం.

ఈ గుర్రం ఎక్కడెక్కడ పరిగెత్తుతుందో చూడాలి. అసలు సంగతి అక్కడుంది.

మండపేట జనరల్ సీటు. కాని అది అమలాపురం పార్లమెంటు నియోజకవర్గంలో ఒక భాగం, ఆ పార్లమెంటు సీటు ఎస్సీ రిజర్వుడు. దాని కింద ఏడు అసెంబ్లీ సీట్లు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీలవి. రామచంద్రపురం, మండపేట, కొత్తపేట, ముమ్మిడివరం జనరల్. రిజర్వుడు సీటులో నిలబడేవాళ్లందరూ దళితులే కాబట్టి దళితుల ఓటు నాలుగు ముక్కలవుతుంది. ఎవడు గెలవాలో తేల్చేది దళితేతరుల ఓటు. 1932లో పూనా ఒప్పందం మనకి కట్టబెట్టిన ఏర్పాటు ఇదే. అందుకే పక్క జనరల్ సీటులో బలమైన కులం నాయకుడొకడికి టికెట్టిచ్చేటప్పుడు పార్టీ ఒక్క ఆ సీటు లెక్కే చూడదు. వీడికి టికెట్టిస్తే వీడి కులం పక్కనున్న మూడు రిజర్వుడు సీట్లలో కూడా మనకి వేస్తుంది, ఎంపీకి కూడా వేస్తుంది అని లెక్క. మరి వీడి వల్ల దళితుల ఓటు పోదా? పోదు, వాళ్లెక్కడికి పోతారు, పథకాలు తీసుకుంటున్నారు గదా అని రెండో లెక్క. మన ఓటు ముందే బీరువాలో పెట్టి తాళం వేసేసిన సొమ్ము, వాళ్ల ఓటు బజార్లో కొనుక్కోవాల్సిన సరుకు. కొనుక్కునేదానికే ధర ఉంటుంది. టికెట్టు ఆ ధర.

ఇక అదే గుర్తు మీద నిలబడ్డ దళిత అభ్యర్థుల గతేంటి? ఎంపీ అభ్యర్థి దళితుడు, ముగ్గురు అసెంబ్లీ అభ్యర్థులు దళితులు. తీర్పొచ్చిన రోజు వాళ్లు నోరు విప్పితే సీటు పోతుంది. విప్పకపోతే పేటలో మొహం పోతుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఆ నలుగురూ కలిసి తాడేపల్లి పోయి, మండపేట పేరు మార్చండి, లేకపోతే మేం ఓట్లడగలేం అని కూర్చుని ఉంటే ఏమయ్యేది? అలా జరిగినట్టు మనకెవరికీ తెలీదు. వాళ్లని తిట్టడం తేలిక. కాని వాళ్ల బీఫారం కూడా అదే చేతిలో ఉంది, ఆ చెయ్యి కదిలితే వాళ్లదీ పోతుంది. చెంచాల యుగం అని కాన్షీరాం 1982లో పుస్తకం రాసింది దీని గురించే.

ఎంపీ దాకా ఎందుకు, పేటలో జెండా మోసే కుర్రాణ్ణి చూడండి. స్లిప్పులు పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు. "ఏరా అబ్బాయ్, గుండు గీయించినోడికేనా ఎయ్యమంటన్నావు?" అని ముసలమ్మ అడిగితే వాడేం చెప్పాలి? "కింద మనిషిని చూడకు మామ్మా, పైన జగనన్నని చూడు" అనాలి. ఆ మాట అనేటప్పుడు వాడి గొంతు ఎలా ఉంటుందో ఎవడికి పట్టింది! విజయవాడ స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 2024 జనవరి 19న ఈ పార్టీ ప్రభుత్వమే ఆవిష్కరించింది. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టింది కూడా ఆ ప్రభుత్వమే. దానికి 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు, దళిత మంత్రి ఇల్లు కూడా. పేరు వెనక్కి తీసుకోలేదు, అందుకు మెచ్చుకున్నాం, ఇప్పుడూ మెచ్చుకుంటాం. ఆ అంబేద్కర్ జిల్లాలో ఉన్నప్పుడే మండపేట సీటుకి ఈ బీఫారం వచ్చింది. అంతకుముందు 2020లో సీతానగరం పోలీసుస్టేషన్లో దళిత కుర్రాడికి గుండు గీసింది కూడా ఈ ప్రభుత్వపు పోలీసులే. విగ్రహం ఎత్తు కొలిచినంత శ్రద్ధగా ఇవి ఎవరూ కొలవరు.

ఇంక ఫలితం. మన సభల్లో ఒక మాట తిరుగుతోంది: శిరోముండనం చేయించినవాణ్ణి దళితుల ఓటు మట్టి కరిపించింది అని. వినడానికి బావుంటుంది. మేం లెక్క వేసి చూశాం, అలా లేదు.

2019లో మండపేటలో తెలుగుదేశానికి 78 వేల చిల్లర, వైఎస్సార్ కాంగ్రెస్‌కి 67 వేల చిల్లర, జనసేనకి 35 వేల చిల్లర ఓట్లు. 2024లో తెలుగుదేశం, జనసేన ఒకటయ్యాయి. 78కి 35 కలిపితే 113. తెలుగుదేశం అభ్యర్థి వేగుళ్ల జోగేశ్వరరావుకి వచ్చింది 116 వేల చిల్లర. త్రిమూర్తులుకి 71 వేల చిల్లర. మెజారిటీ 10 వేల నుంచి 44 వేలకి పెరిగింది నిజమే. కాని అది కూటమి కూడిక. ఆయన పార్టీ ఓటు తగ్గలేదు సరిగదా నాలుగు వేలు పెరిగింది. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీ 50 శాతం నుంచి 39 శాతానికి జారిపోయిన ఎన్నికలో, నెల ముందే శిక్షపడ్డ అభ్యర్థి ఉన్న చోట ఓటు పెరిగింది! మిషన్లో కులం నమోదు కాదు, ఎవరి ఓటు ఎటు పోయిందో ఖాయంగా చెప్పేవాడు కోతలు కోస్తున్నట్టే. కాని ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. తీర్పు ఆయన్ని కూలదొయ్యలేదు. పార్టీ ఆయన మీద పెట్టుకున్న లెక్క ఆయన సీటులో దాదాపు ఫలించింది.

తప్పింది పక్క సీట్లలో. ఏడింటిలో 2019లో అయిదు గెలిచిన పార్టీ 2024లో ఒక్కటీ గెలవలేదు. అమలాపురం ఎంపీ సీటూ పోయింది. రాష్ట్రంలో 29 ఎస్సీ సీట్లలో 27 ఉన్నది రెండుకి వచ్చింది, బద్వేలు, యర్రగొండపాలెం. ఇదంతా ఒక్క మండపేట వల్ల అని మేం చెప్పం, ఊరూరా వేరే కారణాలు నూటపదహారు ఉన్నాయి. కాని బలమైన కులాన్ని రిజర్వుడు సీట్లకి మళ్లిస్తాడని తెచ్చుకున్న నాయకుడు మళ్లించలేకపోయాడు, ఎందుకంటే ఆ కులం జనసేన వెనక నిలబడింది. తాళం వేసి పెట్టుకున్నాం అనుకున్న ఓటు కూడా కొంత బీరువా దాటింది.

గెలిచినవాళ్లేమన్నా మనవాళ్లా? కేసు ఎత్తేసింది వాళ్ల ప్రభుత్వం. టికెట్లిచ్చి మోసింది వాళ్లు. ఎన్నికల ముందు శిరోముండనం గురించి గొంతు చించుకున్నవాళ్లలో ఒక్కడైనా మా పార్టీ చేసింది తప్పని అన్నాడా? పక్కనే పి.గన్నవరం చూడండి. 2024 ఫిబ్రవరిలో తెలుగుదేశం మొదటి జాబితాలో మహాసేన రాజేష్ పేరొచ్చింది. దళితుడు. పాత మాటలు, పాత వీడియోలు బయటికి తీశారు. బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కాయి, కూటమిలోవాళ్లే అడ్డం తిరిగారు. వారం రోజుల్లో ఆయన తప్పుకుంటానని ప్రకటించాల్సొచ్చింది. సీటు జనసేనకి పోయింది. ఆయన మాటలన్నీ మేం సమర్థించం. కాని తక్కెడ చూడండి. నోటితో అన్న మాటకి దళితుడి టికెట్టు వారంలో పోయింది. మనుషుల తలలు గీయించిన కేసులో శిక్ష పడ్డాక కూడా అగ్రకులం నాయకుడి టికెట్టు తొమ్మిది రోజుల్లో పోలేదు. పార్టీలు వేరు, జెండాలు వేరు, తక్కెడ మాత్రం ఒకే దుకాణంలో కొన్నారు. ఎవరికి కోపమొస్తే టికెట్టు పోతుందో వాళ్లే వివాదం అంటే ఏంటో నిర్ణయిస్తారు. మనకి కోపమొస్తే అది వివాదం కాదు, ప్రతిపక్షాల కుట్ర.

కాబట్టి తీర్పొస్తే చాలు, ఓటమొస్తే చాలు అనుకుని కూర్చుంటే కుదరదు. చట్టంలో ఆ ఒక్క లైను కావాలి: ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ మొదటి జాబితాలో, పౌరహక్కుల రక్షణ చట్టం పక్కన, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పేరు. ఇది పార్లమెంటు చేయాల్సిన పని. లోక్‌సభలో ఎస్సీ రిజర్వుడు సీట్ల మీద గెలిచి కూర్చున్నవాళ్లు 84 మంది. ప్రైవేటు బిల్లు పెట్టడానికి ఒక్కడు చాలు. పార్టీ విప్పు దానికి అడ్డం రాదు, భయం ఒక్కటే అడ్డం. అసెంబ్లీల్లో ఆంధ్రలో 29 మంది, తెలంగాణలో 19 మంది ఉన్నారు. వాళ్లు తీర్మానం చేయమని తమ తమ సభల్లో అడగొచ్చు.

పాఠకులకి ఒక పని చెబుతున్నాం. ఈ సంచిక చేరిన ప్రతి పేట నుంచి నలుగురు కలిసి తమ రిజర్వుడు ఎమ్మెల్యే దగ్గరికీ, ఎంపీ దగ్గరికీ పొండి. రెండే ప్రశ్నలు అడగండి. ఆ లైను చేర్చమని మీరు అడుగుతారా, లేదా? మీ పార్టీ ఇలాంటివాడికి పక్క సీటులో బీఫారం ఇస్తే మీరు మీ బీఫారం తీసుకుంటారా, లేదా? ఏ పార్టీ అన్నది చూడొద్దు. చెప్పిన జవాబు చెప్పినట్టు, తారీకు వేసి, కార్డు మీద రాసి పంపండి. జవాబు చెప్పకుండా పంపించేస్తే అదీ రాయండి. వచ్చినవి వచ్చినట్టు వచ్చే సంచిక నుంచి వేస్తాం.